పెన్నుకు నేను పెట్టిన తోక

ఆ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు సైన్సు టీచర్లు తల్లాడ నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. టీ తాగారు, బిస్కెట్లు ముట్టుకోలేదు. చాలాసేపు అటూ ఇటూ మాట్లాడాక అసలు సంగతి బయటపెట్టారు.

"మేడం, మా స్కూల్ల ల్యాబ్ లేదు. సరళ యంత్రాలు ఎట్ల చెప్పాలె?"

నాకు నవ్వొచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది. "మీ పిల్లల దగ్గర కంపాసు బాక్సులున్నయా?" అని అడిగాను. ఉన్నాయన్నారు. "పెన్నులు, పెన్సిలు చెక్కుడు మరలు, స్కేళ్ళు?" అవీ ఉన్నాయన్నారు. "మరి ల్యాబ్ లేదంటరేంది?" అన్నాను. పాపం, ఇద్దరూ తల వంచుకుని బిస్కెట్ల వైపు చూశారు.

వాళ్ళు వెళ్ళిపోయాక మనసు ఊరుకోలేదు. అంత దూరం నుంచి వస్తే కసిరి పంపాను. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు రోజమ్మ, పిల్లలకు రోజ్ టీచర్‌ని. మాది ఖమ్మం. ఏన్కూరులో ఫిజికల్ సైన్సు చెప్పడం మొదలుపెట్టి, ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న ఊళ్ళో రిటైరయ్యాను. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి, రికార్డుల సంగతి ఇందులో ఉండదు. వాటిని చెప్పేవాళ్ళు ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ దొరుకుతారు. నేను చెప్పేది పిల్లలు చేత్తో పట్టుకునే వస్తువుల గురించి, వాటి దగ్గర నేను చేసిన తప్పుల గురించి.

స్టేప్లర్ ముందు నా పరువు

ఏన్కూరులో నేను చేరిన కొత్తలో హెడ్మాస్టరు ఒకాయన ఉండేవారు. అందరూ పెద్దసారు అనేవాళ్ళు. ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చి నా క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చున్నారు. ఆ రోజు లీవర్ల పాఠం. నేను మూడు రంగుల సుద్దముక్కలతో బోర్డు మీద మూడు బొమ్మలు గీశాను. ఆధారం ఒక చోట, బలం ఒక చోట, భారం ఒక చోట. నడుమ ఆధారం ఉంటే మొదటి రకం, నడుమ భారం ఉంటే రెండో రకం, నడుమ బలం ఉంటే మూడో రకం. నాకే ముచ్చటేసింది ఆ బొమ్మలు చూసి.

పాఠం అయ్యాక పెద్దసారు ఆఫీసులోంచి స్టేప్లర్ తెప్పించారు. ముందు బెంచీలో పిల్లను లేపి, "దీంట్ల ఆధారం యాడుందమ్మా?" అన్నారు. ఆ పిల్ల వెనక తలుపు బిజాగిరి లాంటి చోటు చూపించింది. "నొక్కు మరి." నొక్కింది. పిన్ను సగం దిగి వంకరపోయింది.

పెద్దసారు నా వైపు తిరిగారు. "టీచరమ్మా, ఇది ఎన్నో రకం లీవర్?"

"రెండో రకం సార్," అన్నాను. పుస్తకంలో అట్లాగే ఉంది.

"ఆ పిల్ల చెయ్యి యాడ పెట్టిందో చూసినవా? పిన్నుకు ఇవతల, నడిమిట్ల నొక్కింది. ఇప్పుడు నడుమ ఉన్నది భారమా, బలమా?"

నడుమ ఉన్నది బలం. అంటే మూడో రకం. ఆయన ఆ పిల్ల చేతిని ముందు కొసకు జరిపి మళ్ళీ నొక్కమన్నారు. పిన్ను నున్నగా దిగింది. అదే స్టేప్లర్, అదే పిల్ల.

వరండాలోకి వచ్చాక నాతో మెల్లగా అన్నారు. "బొమ్మలు మంచిగ గీసినవ్. కాని రకం బొమ్మల ఉండదమ్మా. చెయ్యి యాడ పెడితే ఆడ ఉంటది."

ఆయన చెప్పింది నిజం. చెప్పిన తీరు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. పిల్లల ముందు టీచర్ పరువు తీయకూడదు, మీరు ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆ తర్వాత వారం రోజులు నేను క్లాసులో స్టేప్లర్ అన్న మాటే ఎత్తలేదు. అయినా ఆయన మాట నాకు కంఠతా వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఎన్నో క్లాసుల్లో అదే మాట నా సొంతమన్నట్టు చెప్పాను. అవసరమైన రోజున మాత్రం అది నాకు గుర్తు రాలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

కంపాసు బాక్సు విప్పండి

దానికి ముందు ఆ ఇద్దరు టీచర్ల ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా.

బాల్ పెన్ను మొనలో ఒక చిన్న గుండు ఉంటుంది. కాగితం మీద అది చక్రంలా దొర్లుతూ లోపలి ఇంకును బయటికి తెస్తుంది. కాగితం మీద కాస్త నూనె రాసి పిల్లలను రాయమనండి. గుండు దొర్లదు, జారుతుంది, అక్షరం పడదు. మిర్చిబజ్జీ తిన్న చేత్తో నోట్సు పట్టుకున్న ప్రతి పిల్లకూ ఈ ప్రయోగం ముందే తెలుసు. ఎందుకట్లా అవుతుందో మీరు చెబితే చాలు, కళ్ళు ఇంతింత చేసుకుని వింటారు.

చెక్కుడు మరలోని బ్లేడు పచ్చి కట్టెను చీల్చే గొడ్డలికి చెల్లెలు. పెన్ను మూతకున్న క్లిప్పు ఒక లీవర్. టక్కుమని నొక్కే పెన్నులో స్ప్రింగు ఉంటుంది, విప్పితే ఎగిరిపోతుంది. ఎగిరిన స్ప్రింగుల కోసం నేను బెంచీల కింద మోకాళ్ళ మీద పాకిన రోజులు లెక్కలేనన్ని. పెన్ను విప్పారని పిల్లలను తిట్టే సైన్సు టీచర్‌ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విప్పనివ్వండి. తిరిగి బిగించేదాకా ఇంటికి పోనివ్వకండి, అంతే.

ఇక రాసే పెన్ను. అది మూడు చోట్ల ఆనుతుంది. వెనక భాగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న పలచటి చర్మం మీద ఆనుతుంది. అది ఆధారం. వేళ్ళు నడుమ పట్టుకుంటాయి. అది బలం. ముల్లు కాగితం మీద ఉంటుంది. అది భారం. నడుమ బలం కాబట్టి మూడో రకం లీవర్. వేళ్ళు కొద్దిగా కదిలితే ముల్లు ఎక్కువ కదులుతుంది. అందుకే గబగబా రాయగలం. దానికి బదులుగా వేళ్ళు కాస్త ఎక్కువ బలం పెట్టాలి. బాగున్న చేతికి ఆ బరువు తెలియదు. బాగాలేని చేతికి తెలుస్తుంది.

దీవెన

నా సర్వీసు ఆఖరి ఏడాది పదో తరగతిలో దీవెన అనే అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న యేసోబు బొగ్గుబాయిలో అండర్‌గ్రౌండ్ పని. వారమంతా బాయి దగ్గర కిరాయి గదిలో ఉండి, ఆదివారం పూట ఇంటికి వచ్చేవాడు. అమ్మ సువార్త కూలికి పోయేది. నేనూ అప్పుడు ఆ ఊళ్ళోనే ఉండేదాన్ని, వాళ్ళదీ నాదీ ఒకటే చర్చి.

దసరా సెలవుల్లో దీవెన అమ్మతో కలిసి పత్తి ఏరడానికి పోయి వస్తుంటే ఆటో తిరగబడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. దవాఖానాలో ప్లేటు వేశారు. కట్టు విప్పాక చెయ్యి చక్కగానే కనిపించింది కానీ వేళ్ళకు పట్టు రాలేదు. అరపేజీ రాసేసరికి తిమ్మిరెక్కి పెన్ను జారిపోయేది.

అప్పటి మా హెడ్మాస్టరు శారద గారు నాకంటే పదేళ్ళు చిన్న, నెమ్మదైన మనిషి. ఆమె స్క్రైబ్‌ను పెడదామన్నారు. అంటే దీవెన జవాబులు చెబుతుంటే కింది తరగతి పిల్ల ఎవరైనా రాసిపెట్టే ఏర్పాటు. మంచి ఆలోచనే. కానీ దీవెనకు చిన్నప్పటి నుంచి మాట తడబడుతుంది. కొత్తవాళ్ళ ముందు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ముక్కూముఖం తెలియని పిల్లకు మూడు గంటల సేపు జవాబులు చెప్పడమంటే ఆమెకు పరీక్ష కంటే పెద్ద పరీక్ష. తల అడ్డంగా ఊపింది.

"నే... నేనే రాస్త టీచర్," అంది.

పది పాసై పాలిటెక్నిక్‌లో చేరాలని ఆమె కోరిక. వాళ్ళింట్లో అంతవరకూ పది దాటినవాళ్ళు లేరు. ఆ పిల్ల ముఖం చూసి నేను ఆగలేకపోయాను.

"స్క్రైబ్ అక్కర్లేదు మేడం. దాని చేతికి సరిపోయే పెన్ను నేను చేసిస్త," అన్నాను శారద గారితో.

"ఆలోచించి చెప్పండి మేడం. ఇప్పుడు దరఖాస్తు పంపకపోతే తర్వాత మన చేతుల ఏం ఉండదు. ఎక్కువ టైము ఇచ్చేది కూడా ఆ దరఖాస్తుతోనే."

"నా మాట మీద వదిలేయండి."

ఆమె వదిలేశారు. అంత సర్వీసున్న సైన్సు టీచర్ మాట కాబట్టి వదిలేశారు. దరఖాస్తు పోలేదు.

పెన్ను చేయడానికి ఊళ్ళో తట్టలల్లేవాళ్ళను అడిగి సన్న వెదురు ముక్క తెచ్చుకున్నాను. లోపల రీఫిల్ పెట్టాను. పట్టు లావుగా ఉంటే వేళ్ళు గట్టిగా ముడుచుకోనక్కర్లేదని పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టాను. అంతవరకూ బాగుంది. అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. లీవర్ పొడుగయ్యే కొద్దీ పని తేలికవుతుందని నాకు నేనే చెప్పుకుని, వెదురును జానెడున్నర పొడుగు ఉంచాను. చేతి వెనక తోక మాదిరి లేచి నిలబడేది.

స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చూపించాను. తెలుగు చెప్పే సారు దాన్ని పెదాల దగ్గర పెట్టుకుని, "మేడం, ఇది రాసేదా, ఊదేదా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఎక్కడో కాలింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

దీవెన ఆ పెన్నుతో రాయడం మొదలుపెట్టింది. అరపేజీ కాస్తా ఒక పేజీ అయింది. నేను పొంగిపోయాను. అది ట్యూబు చుట్టిన లావు పట్టు వల్ల వచ్చిన లాభమని నాకు అప్పుడు తెలియదు, పొడుగు వల్ల అనుకున్నాను. పేజీ దగ్గరే ఆగిపోయింది. ఒకరోజు బొటనవేలి పక్క చర్మం ఎర్రగా కందిపోయి, చిన్న బొబ్బ కనిపించింది. కర్చీఫు చుట్టుకుని దాచుకుంటోంది.

"నొప్పి ఉందా?" అని అడిగాను.

"లేదు టీచర్. బా... బాగుంది."

"మొదట్ల అట్లనే ఉంటది. అలవాటైతది," అన్నాను.

ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. బొబ్బ కళ్ళ ముందు ఉంది. నేను చూసింది బొబ్బను కాదు, నా పెన్నును.

ప్రీఫైనల్ పరీక్ష వచ్చింది. దీవెన పేపరు శారద గారు నా ముందు పెట్టారు. పేజీన్నర రాసింది. ఆ పేజీన్నరలో కూడా చివరికొచ్చేసరికి అక్షరాలు లేతగా, పైకి లేచిపోతూ ఉన్నాయి. మిగిలినదంతా తెల్ల కాగితం. జవాబులు రాక కాదు. సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ప్రశ్న అడిగితే తడబడుతూనే అన్నీ చెప్పింది.

"దరఖాస్తుల గడువు అయిపోయింది మేడం," అన్నారు శారద గారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆ పిల్ల ఏడాది, ఆ పిల్ల పాలిటెక్నిక్, అన్నీ నా నోటి దురుసు వల్ల పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో కూడా నాకు తెలియడం లేదు. పెన్ను బాగానే ఉంది కదా అని దాన్ని తిప్పి తిప్పి చూశాను.

గడ్డపారతో నా పేరు

ఆ ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి ఆవరణలో షామియానా గుంజల కోసం గుంతలు తవ్వుతున్నారు. తవ్వేవాళ్ళలో యేసోబు ఉన్నాడు. నేను దగ్గరికి పోయి, "తమ్మీ, నీతో మాట్లాడాలె," అన్నాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను. దరఖాస్తు పంపొద్దన్నది నేనేనని కూడా చెప్పాను.

అతను గడ్డపార పక్కన ఆనించి, చెమట తుడుచుకుంటూ విన్నాడు. "ఆ పెన్ను ఒకసారి చూస్త టీచరమ్మా," అన్నాడు.

దీవెన బైబిలు సంచిలోంచి తీసిచ్చింది. చెయ్యి అలవాటు కావాలని ప్రసంగం వింటూ దాంతోనే రాసుకుంటోందట. యేసోబు పెన్నును వేలి మీద అడ్డంగా పెట్టి అటూ ఇటూ జరిపి చూశాడు. కూతురి చేతిని తీసుకుని బొబ్బ చూశాడు.

"దీన్ని ఎవరు చేసిన్రు?"

"నేనే," అన్నాను.

అతను గడ్డపార తీసి నా ముందు పట్టాడు.

"ఏమనుకోకుండ్రి టీచరమ్మా. దీన్ని మొన దగ్గర పట్టుకొని, ఈ ఇసుకల మీ పేరు రాయుండ్రి."

నాకు అర్థం కాలేదు. అయినా కొంగు దోపుకుని వంగి, మొనకు జానెడు పైన పట్టుకున్నాను. మిగిలిన గడ్డపారంతా నా ముంజేతి మీదుగా భుజం వెనక్కి వాలింది. అది వెనక్కి వాలిన కొద్దీ ముందు మొన ఇసుకలోంచి లేచిపోతోంది. మొనను కిందికి ఒత్తి పెట్టడానికే నా బలమంతా సరిపోయింది. 'రో' రాశాను. 'జ' సగం రాసి వదిలేశాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"పొడుగు మీకు సాయం చేసిందా?" అన్నాడు యేసోబు.

"లేదు తమ్మీ. సంపింది."

"మేం రాయి లేపేటప్పుడు గడ్డపారను ఎనక కొసకు పట్టుకుంటం. అప్పుడు పొడుగంత మన చేతికీ రాయికీ నడుమ ఉంటది. పనికొస్తది. పెన్నును ఎవరన్న ఎనక కొసకు పట్టుకుంటరా? ముల్లు పక్కన్నే పట్టుకుంటరు. ఇగ చేతి ఎనక ఉన్నదంత ఒట్టి బరువే గదా. అది ఎనక్కి గుంజుతాంటే, పిల్ల వేళ్ళు ముంగట కిందికి ఒత్తాలె. అక్షరం రాయాల్నా, గిదే పని చేయాల్నా?"

అతను బాయి సంగతి కూడా చెప్పాడు. పైకప్పుకు వదులుగా వేలాడే బొగ్గు పెళ్ళలను పొడుగు ఇనుప బారుతో గుంజి పడేయడం అతని పని. "బారు పొడుగుండేది బలానికి గాదు టీచరమ్మా, పెళ్ళ మన మీద పడకుంట దూరం నిలబడటానికి. తెల్వని కొత్తోళ్ళు బారును ముందుకొచ్చి మొన దిక్కు పట్టుకుంటరు. పావుగంటల చేతులు పడిపోతయ్. మేం అనేది ఒకటే. ముందు చెయ్యి యాడుందో చూసుకో అంటం."

చెయ్యి యాడ పెడితే ఆడ ఉంటది. ఏన్కూరు వరండాలో విన్న మాట మళ్ళీ నా చెవిలో పడ్డట్టయింది. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి దగ్గర పాఠం నేర్చుకున్నందుకు సిగ్గేసిందా అంటే, వేసింది. కానీ సిగ్గు కంటే హాయి ఎక్కువ వేసింది. ఎన్ని రోజులుగానో గుండె మీద ఉన్న బరువు దిగింది. తప్పు ఆ పిల్ల చేతిలో లేదు, పెన్నులో ఉంది. పెన్నును కోయొచ్చు.

దీవెన వైపు తిరిగాను. "ఇది బరువైతుందని నీకు తెలుసా?"

"తె... తెలుసు టీచర్."

"మరి చెప్పవేమే?"

ఆమె వాళ్ళ అమ్మ వైపు చూసింది. సువార్త జవాబు చెప్పింది. "మీరు కూసొని చేసిచ్చిన్రు గదా టీచర్. బాగలేదని ఎట్ల అంటది?"

ఈ ఒక్క మాట కోసమే కొత్త టీచర్లు ఇదంతా చదవాలి. మన పల్లెల్లో టీచర్ ఇచ్చినదాన్ని బాగాలేదని పిల్ల అనదు, తల్లి అననివ్వదు. అది మర్యాద. ఆ మర్యాద మనకు సుఖంగా ఉంటుంది కాబట్టి మనమూ ఎప్పుడూ కదిలించం. 'అర్థమైందా?' అని అడిగితే క్లాసంతా 'అయింది టీచర్' అంటుంది. మనం సంతోషంగా బెల్లు కోసం చూస్తాం. నేను సర్వీసంతా అట్లాగే సంతోషపడ్డాను.

యేసోబు తన మోటారుసైకిల్ డిక్కీలోంచి ఇనుము కోసే ఆక్సా బ్లేడు తెచ్చాడు. పెన్నును గుమ్మం మీద పెట్టి తోక కోశాడు. కొసను రాయి మీద నున్నగా రుద్దాడు. తెగిపడ్డ వెదురు ముక్కను తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది మీ దగ్గరుంచుకోండ్రి," అన్నాడు. అందులో ఎగతాళి లేదు. పారేయడం అమర్యాద అనుకున్నాడేమో. ఇప్పటికీ అది నా బల్ల సొరుగులో ఉంది.

సోమవారం నుంచి దీవెనా నేనూ మళ్ళీ మొదలుపెట్టాం. పట్టు ముల్లుకు ఇంకాస్త దగ్గరికి జరిపాం. ఒత్తకుండానే ఇంకు జారే రీఫిల్ వెతికి పెట్టాను. కాగితాన్ని కొద్దిగా ఏటవాలుగా తిప్పి రాయించాను. పేజీలు పెరిగాయి. బొబ్బ ఎండిపోయింది. రోజూ అడిగేదాన్ని, పెన్ను ఎట్లుంది, ఇంకేమన్నా మార్చాలా అని. రోజూ ఒకటే జవాబు. "బాగుంది టీచర్."

ఆ 'బాగుంది' మీద నాకు నమ్మకం పోయింది. ఇంట్లో ఒక గంట రాయడం వేరు, పరీక్ష హాల్లో ఏకబిగిన మూడు గంటలు రాయడం వేరు. లోపల ఏం దాచుకుంటోందో నాకు తెలియదు.

సెంటర్ గేటు ఎదురుగా

మొదటి పరీక్ష తెలుగు. అన్నిటికంటే ఎక్కువ రాయాల్సింది అదే. నాకు ఆ రోజు డ్యూటీ లేదు. సెంటర్ గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి యేసోబు వచ్చాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కడుక్కున్నా కళ్ళ చుట్టూ బొగ్గు గీత పోలేదు.

టీలు చల్లారిపోయాయి. శారద గారు మూడుసార్లు ఫోన్ చేశారు. "ఇంకా బయటికి రాలేదు మేడం," అని మూడుసార్లూ చెప్పాను. టైము కాకముందే ఎవరైనా బయటికి వస్తారేమో, అది దీవెనే అవుతుందేమో అని గేటు వైపు చూస్తూనే ఉన్నాను. చెయ్యి పడిపోతే ఆ పిల్ల చెప్పదు, పేపరు ఇచ్చేసి వచ్చేస్తుంది. ప్రార్థన చేద్దామనుకుంటే మాటలు కుదరలేదు. తోక, తోక అనే మాటే నోట్లో తిరిగింది.

బెల్లు మోగింది. పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. అందరూ పోయారు. దీవెన ఆఖరున వచ్చింది. ప్యాడు ఎడమచంకలో, కుడిచెయ్యి పొట్టకు ఆనించుకుని. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

యేసోబు లేచి నిలబడ్డాడు. "ఎంత రాసినవ్ బిడ్డా?"

"అ... అడిషనల్ తీసుకున్న నాయినా."

ఇచ్చిన పుస్తకం నిండిపోతే అడిగి తీసుకునే కాగితాలవి. ప్రీఫైనల్‌లో పేజీన్నర దాటని పిల్ల.

"ఎన్ని?" అన్నాను.

మాట కోసం ఆగలేదు దీవెన. కుడిచెయ్యి ఎత్తింది. రెండు వేళ్ళు చూపించింది. వేళ్ళు కొద్దిగా వణుకుతున్నాయి, కానీ నిలబడ్డాయి.

యేసోబు టీ కొట్టు గోడ వైపు తిరిగిపోయాడు. నేను తిరగలేదు, అక్కడే నిలబడి ఏడ్చాను. టీ కొట్టాయన ఏమైందోనని మంచినీళ్ళ గ్లాసు తెచ్చాడు. శారద గారికి ఫోన్ చేసి చెబితే, "హమ్మయ్య మేడం," అని పెట్టేశారు. ఆమె కూడా ఎన్ని రోజులుగా ఊపిరి బిగబట్టుకుని ఉన్నారో నాకు అప్పుడు తెలిసింది.

మిగిలిన పరీక్షలూ రాసింది, పాసైంది, ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతోంది. కానీ రిజల్టు వచ్చిన రోజు నాకు అంతగా గుర్తు లేదు. గుర్తున్నది ఆ గేటు ఎదురుగా, నేను కళ్ళు తుడుచుకున్నాక జరిగింది.

దీవెన పౌచ్‌లోంచి పెన్ను తీసింది. "టీచర్," అంది. ఆగింది. మాట అందించాలని నా నాలుక దురద పెట్టింది, పళ్ళు బిగించి ఆపుకున్నాను. ఎంతసేపైనా ఆగుదామనుకున్నాను.

"పె... పెన్ను బాగలేదు."

యేసోబు గిరుక్కున తిరిగాడు. "ఏయ్ బిడ్డా," అని నా ముఖం వైపు భయంగా చూశాడు.

"ఇంకొక... వేలెడు కొయ్యాలె టీచర్. రాస్తాంటే ఎనక... గుచ్చుకుంటుంది."

ఎన్నో ఏళ్ళ నా క్లాసుల్లో ఎన్ని వేలసార్లు 'బాగుంది టీచర్' విన్నానో. వాటన్నిటికంటే ఈ ఒక్క మాట నాకు తీయగా వినిపించింది. నా ముఖం చూసి యేసోబుకు ధైర్యం వచ్చింది. డిక్కీ తెరిచి బ్లేడు తీశాడు. టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం. ముల్లు వైపు నేను పట్టుకున్నాను, యేసోబు కోశాడు, ఎక్కడిదాకా కోయాలో దీవెన చెప్పింది.